టేపు పట్టుకెళ్లండి

మా అన్నయ్య కూతురు ఎస్సై అయింది. మొదటి పోస్టింగ్ గోదావరి డెల్టాలోనే. నేనూ ఈ డిపార్ట్‌మెంట్‌లోనే మహిళా కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్సైగా రిటైరయ్యాను. దానికి మొదటి లాడ్జి రైడ్ పడిన ముందు రోజు రాత్రి ఫోన్ చేసింది.

"అత్తా, రేపు ఏం పట్టుకెళ్లాలి?"

"30 మీటర్ల టేపు."

"బట్టలు కుట్టే టేపా?" అని నవ్వింది.

"కాదే, స్థలాలు కొలిచే టేపు."

ఎందుకో చెప్పడానికి గంట పట్టింది. తర్వాత నెలల తరబడి ఫోన్లో చెబుతూనే ఉన్నాను. ఆ చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా చేరిన ఆడపిల్లలకీ, పీటా కేసు, అంటే వ్యభిచార వ్యాపారం మీద పెట్టే కేసు, మొదటిసారి చేతికొచ్చిన ఎస్సైలకీ పనికొస్తుంది. లాడ్జీలు నడిపేవాళ్లు చదివినా నష్టం లేదు.

ముందు నా మొదటి రైడ్ సంగతి. డెల్టాలోనే ఒక ఊరు, పేరు అనవసరం. ఆడ పోలీసు ఉండాలన్న రూల్ కోసం నన్ను జీపెక్కించారు. గదుల్లో ముగ్గురు ఆడవాళ్లు, నలుగురు మగాళ్లు దొరికారు. స్టేషన్‌కి చేరేసరికి మగాళ్లు లేరు. మర్నాడు పేపర్లో ముగ్గురు ఆడవాళ్ల ఫొటో, మొహాలకి చీరకొంగులు అడ్డం. కింద "విటులు పరార్" అని రాశారు. వాళ్లు పరారేం కాలేదు. వెనక మెట్లు దిగి నడిచి వెళ్లారు. ఆ మెట్ల దగ్గర మా వాడే నిలబడి ఉన్నాడు. ఏడెనిమిది నెలలకి అదే లాడ్జికి మళ్లీ వెళ్లాం. ఈసారి వేరే ముగ్గురు ఆడవాళ్లు. కౌంటర్లో గుమాస్తా అతనే, బ్రోకరు అతనే. మగాళ్లలో ఒకడైతే నన్ను గుర్తుపట్టి నమస్కారం కూడా పెట్టాడు.

రావులపాలెం అరటి మార్కెట్ చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కొనేవాడు రాని రోజున గెల ధర దానంతటదే పడిపోతుంది. మనుషుల్ని గెలలతో పోల్చకూడదు గానీ, బ్రోకరు చూసేది అలాగే. మేం ఏళ్ల తరబడి గెలల్నే జీపెక్కించాం. కొనేవాడు, గది ఇచ్చేవాడు, తెచ్చేవాడు ముగ్గురూ మా కాగితంలో ఉన్న కంతల్లోంచి బయటికి పోయారు. కాబట్టి నేను చెప్పేదంతా ఎక్కువగా కాగితం గురించే.

బయల్దేరే ముందు

పీటా 1956 నాటి చట్టం. 1986లో సవరించి ఇప్పుడున్న పేరు పెట్టారు: అనైతిక వ్యాపార నిరోధక చట్టం. స్టేషన్లలో ఇప్పటికీ అందరూ పీటా అనే అంటారు. ఇందులో వ్యభిచారం అనేది దానికదే నేరంగా రాయలేదు. ఇల్లు నడపడం, ఒకరి సంపాదన మీద బతకడం, మనిషిని తేవడం, గదిలో పెట్టి బయటికి పోనివ్వకపోవడం, బహిరంగ స్థలాల దగ్గర చేయడం, పిలవడం, ఇవీ నేరాలు. ఈ తేడా తలకెక్కకపోతే మిగతాదంతా తప్పుగానే రాస్తారు.

ఎస్సై ఒక్కతే వెళ్లి రైడ్ చేయకూడదు. 13వ సెక్షన్ ప్రకారం స్పెషల్ పోలీస్ ఆఫీసర్ ఇన్‌స్పెక్టర్ ర్యాంకుకి తగ్గకూడదు. మా అమ్మాయికి ఇది నచ్చలేదు. "సీఐ గారు బందోబస్తులో ఉంటే?" అంది. ఉంటే ఆగు. రేపటి దాకా ఆగిన రైడ్ కన్నా కోర్టులో కొట్టేసిన రైడ్ వల్ల ఎక్కువ నష్టం. నిర్వాహకుడికి కోర్టు పద్ధతి తెలిసిపోతుంది, మళ్లీ దొరకడు.

వారెంటు లేకుండా వెళ్తున్నారా? ఎందుకు ఆలస్యం చేయలేకపోయారో, ఏ సమాచారం మీద నమ్మారో సీఐ గారు ముందే కాగితం మీద పెట్టాలి. వచ్చాక రాసుకుందాం అంటే కుదరదు. కనీసం ఇద్దరు ఆడ పోలీసులు వెంట ఉండాలి. మధ్యవర్తులు, అంటే సోదా చూసి సంతకం పెట్టే బయటి సాక్షులు, ఇద్దరు. అందులో ఒకరు తప్పనిసరిగా ఆడమనిషి. మగ మధ్యవర్తి ఆ చుట్టుపక్కల మనిషై ఉండాలిగానీ, ఆడ మధ్యవర్తికి ఆ నియమం లేదు. ఎక్కణ్ణుంచైనా తెచ్చుకోవచ్చు. వార్డు సచివాలయంలో ఒక ఉద్యోగినిని ముందే అడిగి పెట్టుకోండి. రాత్రి పదింటికి ఇంటికి దింపే బాధ్యత మీదే. అది చేయకపోతే రెండోసారి ఆవిడ రాదు.

ఈ ఆడ మధ్యవర్తి విషయం నాకు బోనులో తెలిసొచ్చింది. ఒక కేసులో ఇద్దరు మగ వీఆర్వోలతో పని కానిచ్చేశారు. నాలుగేళ్ల తర్వాత క్రాస్‌లో వాళ్ల లాయరు నన్ను ఒకే ప్రశ్న అడిగాడు: "అమ్మా, సోదా చూసిన ఆడ మధ్యవర్తి పేరు చెప్పండి." నోరు తెరవలేకపోయాను. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని కాటన్ బ్యారేజీ దాటేదాకా తలెత్తలేదు.

లోపలికి వెళ్లాక

మఫ్టీలో పంపే మనిషికి ఇచ్చే నోట్ల నంబర్లు ముందే మధ్యవర్తుల నివేదికలో ఎక్కించే పద్ధతి పాతదే. ఇప్పుడు ఎవరూ నోట్లు తీసుకోవట్లేదు. డబ్బంతా ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో పడుతోంది. ఇది మనకి మేలే. నోటు చేతులు మారితే జాడ ఉండదు. యూపీఐలో ఎవడు, ఏ నిమిషంలో, ఎవరి ఖాతాకి వేశాడో మిగిలిపోతుంది. ఆ ఖాతా తరచుగా బ్రోకరు భార్య పేరు మీదో, బావమరిది పేరు మీదో ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని వెనక్కి వెళ్తే పాత గిరాకీలందరూ వరసలో నిలబడతారు. ఫోన్లు పట్టుకున్నప్పుడు మీరు అటూఇటూ నొక్కి చూడకండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కవర్లో పెట్టి సీలు వేయండి. కోర్టులో ఆ ఫోన్‌లోది చెల్లాలంటే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. సోదా మొత్తం వీడియో తీయడం ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 105వ సెక్షన్ కింద తప్పనిసరి. వీడియోలో ఆడవాళ్ల మొహాల మీద కెమెరా నిలపకండి. రిజిస్టరు మీద, గది నంబరు మీద, బయట గొళ్లెం ఎటువైపు ఉందో దాని మీద నిలపండి.

మగాళ్ల పేర్లు. నా రోజుల్లో దొరికిన ప్రతివాడూ రాంబాబే. ఊరు అడిగితే తణుకు, పని అడిగితే రియల్ ఎస్టేట్. చెప్పింది చెప్పినట్టు రాసుకుని, అరెస్టు చేయకుండా, పిలిచినప్పుడు రమ్మనే 41ఏ నోటీసిచ్చి పంపేసేవాళ్లం. తర్వాత నోటీసు అందలేదని తిరిగొచ్చేది. ఇప్పుడా నోటీసు సురక్షా సంహిత 35వ సెక్షన్‌కి మారింది, మనిషిని పంపే పద్ధతి మాత్రం మారలేదు. పంపండి, తప్పులేదు. కానీ ఆధార్ చూడండి, వాడిచ్చిన నంబరుకి వాడి ముందే రింగివ్వండి, బండి నంబరు రాసుకోండి. నిందితుడు ఏ4, ఏ5 అని ఉన్న చోట నిజమైన మనిషి ఉండాలి, రాంబాబు కాదు.

చేయకూడనివి కూడా చెప్పాలి. కండోమ్‌లు దొరికాయని సాక్ష్యంగా జాబితాలో ఎక్కించడం మాకు అలవాటు. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో అది తప్పని స్పష్టంగా ఉంది. ఆ భయంతో వాటిని వాడటం మానేస్తే వాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. అదే ఆదేశాల్లో ఆడవాళ్ల ఫొటోలు, పేర్లు బయటపెట్టకూడదనీ ఉంది. విలేకరులు మన స్నేహితులే, టీ తాగించండి. ఫొటో మాత్రం ఇవ్వకండి. ఇంకో సంగతి, ఒక సీఐ గారు దొరికిన మగాళ్ల భార్యల్ని అర్ధరాత్రి స్టేషన్‌కి పిలిపించేవారు. బుద్ధొస్తుందని ఆయన నమ్మకం. చంటిపిల్లని చంకనేసుకుని ఆటోలో వచ్చిన ఒకావిడ గుమ్మంలోనే కూలబడింది. మంచినీళ్లు ఇచ్చింది నేనే. శిక్ష ఎవరికి పడిందో ఆయనకి కనబడలేదు.

టేపు ఎక్కడ కావాలంటే

విటుడి మీద ఏ సెక్షన్ పెట్టాలన్నదే కొత్తవాళ్ల అసలు టెన్షన్. ఇల్లు నడిపినందుకు పెట్టే 3, సంపాదన మీద బతికినందుకు పెట్టే 4 వాడి మీద పెట్టి పంపితే హైకోర్టులో కొట్టేయించుకుని వస్తాడు. వాడు ఇల్లు నడపలేదు, ఆవిడ సంపాదన మీద బతకలేదు, డబ్బిచ్చి వచ్చాడంతే. అలాంటివాణ్ణి సూటిగా పట్టే మాట చట్టంలో 7వ సెక్షన్‌లో ఉంది. గుడి, చర్చి, మసీదు లాంటి ప్రార్థనా స్థలానికి గానీ, బడికి గానీ, హాస్టలుకి, ఆస్పత్రికి, నర్సింగ్ హోమ్‌కి గానీ 200 మీటర్ల లోపు జరిగితే, చేసిన మనిషితో పాటు "ఎవరితో జరిగిందో ఆ వ్యక్తి" కూడా నేరస్తుడే. మూడు నెలల దాకా జైలు.

మన డెల్టా ఊళ్లలో 200 మీటర్లలో రామాలయం గానీ, చర్చి గానీ, నర్సింగ్ హోమ్ గానీ లేని లాడ్జి ఒకటి చూపించండి చూద్దాం. అయినా నా సర్వీసులో కొలిచిన కేసు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "గుడి దగ్గర్లో" అని రాసేవాళ్లు. దగ్గర అంటే ఎంత? లాయరు అడిగేది అదే. అందుకే టేపు. లాడ్జి గుమ్మం దగ్గర మొదలుపెట్టి, మనిషి నడిచే దారి వెంబడే కొలవండి. నడిచే దారి 200 లోపు వస్తే, గాలిలో గీత గీసినా అంతకన్నా తక్కువే వస్తుంది. ఎటు కొలిచినా వాదన ఉండదు. మధ్యవర్తుల ముందు కొలవండి, రఫ్ స్కెచ్‌లో అంకె వేయండి, వాళ్ల చేత సంతకం పెట్టించండి. గుడి పూజారి దగ్గరో, ఆస్పత్రి మేనేజరు దగ్గరో చిన్న స్టేట్‌మెంట్ తీసుకోండి: అది నడుస్తున్న గుడేనా, అందరూ వస్తారా అని. మూతపడ్డ నర్సింగ్ హోమ్ బోర్డు చూసి కొలిచిన మహానుభావుణ్ణి కూడా చూశాను.

ఒక ఇబ్బంది మాత్రం దాచను. ఆ సెక్షన్ మాటల ప్రకారం ఆడమనిషి మీద కూడా కేసు పెట్టొచ్చు. చాలామంది లెక్క కోసం పెడతారు. నేనైతే సీఐ గారితో, పీపీ గారితో (ప్రభుత్వ లాయరు) ముందే మాట్లాడమంటాను. ఆవిడ ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు, డబ్బు ఎవరి చేతికి వెళ్లింది అన్నది ఆడ పోలీసు విడిగా కూర్చుని అడగాలి. మొదటి గంటలో నిజం రాదు. అన్నం పెట్టి, బట్టలు మార్చుకోనిచ్చి, ఫోన్ చేసుకుంటావా అని అడిగాక రెండో పూట వస్తుంది. మోసం చేసో, భయపెట్టో, అప్పులో ఇరికించో తెచ్చారని తేలితే ఆవిడ బాధితురాలు, మీ ముఖ్య సాక్షి. ఆవిడ ఒప్పుకుని వచ్చింది కదా అన్న మాట అక్కడ చెల్లదు. మనుషుల అక్రమ రవాణా మీద ఉన్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లో సమ్మతితో సంబంధం లేదని రాసే ఉంది. 

143 నిలబడితే విటుడికి 144 వస్తుంది. అక్రమంగా తెచ్చిన మనిషని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ వాడుకున్నవాడికి మూడేళ్లకి తగ్గకుండా ఏడేళ్ల దాకా. 2013లో పాత ఐపీసీకి 370ఏగా చేర్చింది ఇదే. "కారణం ఉండి" అన్నది నిరూపించడానికే మీ కష్టమంతా పోవాలి. గది బయట గొళ్లెం పెట్టి ఉందా? ఆ అమ్మాయికి తెలుగు రాదా? ఒంటి మీద దెబ్బలున్నాయా? బ్రోకరుతో వీడి వాట్సాప్‌లో "కొత్తగా వచ్చింది, ఇంకా అలవాటు పడలేదు" అన్న మాటలున్నాయా? ఒక కేసులో సరిగ్గా ఇలాంటి మెసేజీకి విటుడు పెట్టిన నవ్వు బొమ్మే వాడి పీకకి చుట్టుకుంది.

అమ్మాయికి 18 నిండలేదని అనుమానం వస్తే టేపు పక్కన పడేయండి. అది పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు, దూరంతో పనిలేదు, కొన్నవాడే ప్రధాన నిందితుడు. అమ్మాయిని 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. అమ్మాయి చేత "నాకు 19" అని చెప్పించడం బ్రోకర్లు నేర్పే మొదటి పాఠం.

గది ఇచ్చినవాడు

"నాకేం తెలుసమ్మా, గది అద్దెకిచ్చాను." ఈ మాట వినని రైడ్ లేదు. దీనికి చట్టంలోనే జవాబుంది, ఎవరూ వాడరు. సోదాలో దొరికిన వస్తువుల జాబితా కాపీ యజమానికి అందజేసి సంతకం తీసుకుంటే, ఆ తర్వాత నుంచి అతనికి తెలుసనే కోర్టు భావిస్తుంది. తెలియదని అతనే నిరూపించుకోవాలి. సోదాలో ఆ ఇల్లు ఇలా వాడుతున్నట్టు తేలిందని యజమాని ఉండే ప్రాంతంలో తిరిగే పేపర్లో వార్త వచ్చినా అంతే. కాబట్టి పేపర్ కటింగ్ ఫైల్లో పెట్టండి. పేపరువాళ్లకి ఆడవాళ్ల ఫొటో బదులు లాడ్జి పేరు ఇవ్వండి. వాళ్లు దాన్ని వేయడానికి ఎంత మొహమాటపడతారో మీరే చూస్తారు.

తెలిసి జరగనిచ్చిన హోటల్ లైసెన్సు మూడు నెలలకి తగ్గకుండా ఏడాది దాకా సస్పెండ్ చేయొచ్చు. చిన్నపిల్ల దొరికితే రద్దు కూడా చేయొచ్చు. 18వ సెక్షన్ ఇంకా మంచిది: 200 మీటర్ల లోపు ఇల్లయితే శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. మేజిస్ట్రేటు, అంటే మన సబ్ కలెక్టరు గారో ఆర్డీవో గారో అయినా సరే, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చు. ఆ తర్వాత ఏడాది పాటు వాళ్ల అనుమతి లేకుండా మళ్లీ అద్దెకివ్వకూడదు. కొలిచిన కాగితం ఇక్కడ రెండోసారి పనికొచ్చింది, చూశారా. నిర్వాహకుడికి జైలంటే భయం లేదు, బెయిలొస్తుంది. మెయిన్ రోడ్డు మీద షట్టరుకి సీలు పడటమంటే మాత్రం వణుకు.

సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల లాడ్జీలన్నీ కోడిపందేల వాళ్లతో నిండిపోతాయి. పందెం డబ్బు, మందు, ఊరు కాని ఊరు మగాళ్లు, వీళ్లున్న చోటికి బ్రోకర్లు వస్తారు. డిసెంబరులోనే లాడ్జీ యజమానుల్ని కూర్చోబెట్టి సెక్షన్లు చదివి వినిపించండి. చదివినట్టు సంతకాలు తీసుకోండి, అదే రేపు సాక్ష్యం. 2027 పుష్కరాలకి రాజమండ్రిలో ఈ పని ఇంకా పెద్ద ఎత్తున చేయాల్సి వస్తుంది. చట్టంలో ఇల్లు, గదితో పాటు వాహనం కూడా ఉంది. దిండి వైపు పనిచేసేవాళ్లు హౌస్‌బోట్లని మర్చిపోకండి. యానాంలో అడుగుపెడితే అది పుదుచ్చేరి పోలీసులది. కాలువ ఇవతల బ్రోకరు, అవతల గది ఉంటే ముందే వాళ్లతో మాట్లాడి వెళ్లండి.

తెచ్చేవాడు

దీని మీద వేరేగా రాయాలి, ఇక్కడ కొంచెమే. కోనసీమ నుంచీ నరసాపురం వైపు నుంచీ ఇంటిపనికని గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లు ఎక్కువ. పదో తరగతి పాస్ కాని 30 ఏళ్లలోపు ఆడవాళ్లకి ఆ పనికి క్లియరెన్స్ ఇవ్వరు. ఏజెంటు విజిట్ వీసా మీద ఎక్కిస్తానన్నాడంటే అక్కడే తేడా ఉందని ఊళ్లో మీటింగు పెట్టిన ప్రతిసారీ చెప్పండి. ఇంకో సంగతి: ఆన్‌లైన్‌లో ఎస్కార్ట్ నంబరు చూసి అడ్వాన్సు వేసి మోసపోయిన మగాళ్లు సిగ్గుతో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయరు. చేసినవాణ్ణి ఎగతాళి చేసి పంపకండి. వాడిచ్చే నంబరుతోనే తీగ కదులుతుంది.

ఒకసారి హైదరాబాద్ ట్రైనింగ్‌లో స్వీడన్ సంగతి చెప్పారు. 1999 నుంచి అక్కడ కొనడం నేరం, అమ్మడం కాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో 1995లో దొరికిన విటులకి ఒకరోజు క్లాసు పెట్టడం మొదలుపెట్టారట, ఫీజు వాళ్ల దగ్గరే వసూలు చేసి. మా వెనక బెంచీలో ఒకాయన "మనదగ్గర పెడితే హాజరుపట్టీలో అందరూ రాంబాబులే" అన్నాడు. అందరం నవ్వాం. మన చట్టం అంత సూటిగా లేదు, నిజమే. ఉన్నదాన్నైనా పూర్తిగా వాడి చూడకుండా ఏడవడం నాకు నచ్చదు.

టేపు సంగతికి వస్తే, స్టీలుది కొనకండి. మన గాలికి, వానకి రెండు సీజన్లలో తుప్పు పట్టి అంకెలు కనపడవు. ఫైబరుది తీసుకోండి. సున్నా ఉన్న కొసని ఆడ మధ్యవర్తి చేత పట్టించండి, రేపు కోర్టులో "నేనే పట్టుకున్నాను" అని ఆవిడ చెప్పాలి. ప్రతి 30కీ నేల మీద సుద్దముక్కతో గీత పెట్టండి, లేకపోతే లెక్క తప్పుతారు.

రైడ్ అయిన రాత్రి ఒంటిగంటకి మా అమ్మాయి ఫోన్ చేసింది. పడుకోలేదు నేను.

"అత్తా, మగాళ్లు నలుగురు. నలుగురి ఆధార్లూ చూశాను. ఒకడు నిజంగానే రాంబాబు."

"కొలిచావా?"

"లాడ్జి గుమ్మం నుంచి అమ్మవారి గుడి దాకా. అయిదు టేపుల మీద 26. మొత్తం 176."